ఒక చెరువు, ఐదు లాకులు

ముగ్గురు పసిబిడ్డలను మనసులో నిలుపుకుందాం. ముగ్గురికీ మడమ మీద సూదితో గుచ్చి, రక్తపు చుక్కలను దళసరి వడపోత కాగితం మీద ఇంకించి, ఆరబెట్టి లాబొరేటరీకి పంపారు. ముగ్గురి రిపోర్టుల్లోనూ ఒకే వరస: టైరోసిన్, లీటరుకు 350 మైక్రోమోల్‌లు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో ఇది సుమారు 40 నుంచి 100 దాకా ఉంటుంది. పసివాళ్లలో కొంచెం ఎక్కువ ఉండవచ్చు. 350 అంటే ఎలా చూసినా ఎక్కువే.

మొదటి బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. జబ్బేమీ లేదు. కాలేయం ఇంకా పనిలో కుదురుకోలేదు, అంతే. కొన్ని వారాల్లో అంకె దానంతటదే దిగుతుంది. రెండో బిడ్డకు పుట్టుకతోనే ప్రాణాంతకమైన జబ్బు ఉంది, కానీ మందు సకాలంలో అందింది. ఆ రిపోర్టులో 350 చూసి డాక్టరు ఊరట పడతాడు. మందు పనిచేస్తున్నప్పుడు ఉండవలసిన మట్టం అదే. మూడో బిడ్డకూ అదే జబ్బు, మందు ఇంకా అందలేదు. రిపోర్టు చేతికి వచ్చేసరికే కాలేయం దెబ్బతినడం మొదలైంది. ఇక్కడ ఒక్కో రోజూ విలువైనదే.

అంకె ఒకటే, అర్థాలు మూడు. అయినా రిపోర్టు పట్టుకుని ఇంటికి వచ్చిన తల్లికి ఎదురయ్యే ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: “కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా?” ఆ ప్రశ్న తప్పు. అది ఎందుకు తప్పో, అడగవలసిన ప్రశ్న ఏదో చెప్పడానికే ఈ అధ్యాయం.

చీజ్ ముక్కలో తెల్లని రవ్వలు

టైరోసిన్ ఒక అమైనో ఆమ్లం. మన శరీరంలోని ప్రోటీన్లన్నీ 20 రకాల అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చి కట్టిన దండలే. ఆ 20లో ఇదొకటి. 1846లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ దీన్ని చీజ్‌లోని ప్రోటీన్ నుంచి వేరుచేశాడు. గ్రీకులో చీజ్‌ను ‘టైరోస్’ అంటారు. పేరు అలా వచ్చింది. నిఘంటువులు చీజ్‌కు జున్ను అని అర్థం రాస్తాయి కానీ, ఈనిన గేదె తొలిపాలతో మనం వండుకునే జున్నుకూ, నెలల తరబడి మాగబెట్టే యూరప్ చీజ్‌కూ పోలిక లేదు. బాగా మాగిన చీజ్‌ను కోస్తే లోపల తెల్లని రవ్వలు కనబడతాయి, పంటికింద కరకరలాడతాయి. అవి ఎక్కువగా టైరోసిన్ స్ఫటికాలే. ప్రోటీన్ దండ తెగి పూసలు విడిపోయినప్పుడు మిగతావి తేమలో కరిగిపోతాయి. ఇది మాత్రం కరగలేక రవ్వ కడుతుంది. లీటరు మంచినీళ్లలో అర గ్రాము టైరోసిన్ కూడా పూర్తిగా కరగదు.

ఈ కరగనితనాన్ని గుర్తు పెట్టుకోవాలి. చీజ్‌లో రుచిగా తగిలే ఆ రవ్వలే మనిషి కంట్లో కట్టే సందర్భం ఒకటి ముందు వస్తుంది.

చెరువులో నీళ్లెన్ని?

రక్తంలోని కణాలను తీసేస్తే మిగిలే ద్రవం ప్లాస్మా. పెద్దవాళ్లలో అది సుమారు 3 లీటర్లు. లీటరుకు 60 మైక్రోమోల్‌ల చొప్పున లెక్క వేస్తే, అందులో కరిగి ఉన్న టైరోసిన్ మొత్తం దాదాపు 33 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కంటే చాలా తక్కువ.

ఇప్పుడు వచ్చిపోయే లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ తింటే అందులో టైరోసిన్ ఒకటిన్నర గ్రాము పైనే ఉంటుంది. అది బయటి నుంచి వచ్చేది మాత్రమే. లోపల మన శరీరం రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల సొంత ప్రోటీన్‌ను విప్పి, మళ్లీ అల్లుకుంటుంది. కండరాలూ, పేగు పొరలూ, ఎంజైమ్‌లూ రోజూ ఇలా పాతబడుతూ కొత్తవవుతూ ఉంటాయి. ఈ విప్పుడులో ఇంకో ఎనిమిది, పది గ్రాముల టైరోసిన్ రక్తంలోకి వచ్చి తిరిగి వెళ్లిపోతుంది. 33 మిల్లీగ్రాముల నిల్వ మీదుగా రోజుకు దాదాపు 10,000 మిల్లీగ్రాముల ప్రవాహం! రక్తంలో ఈ క్షణాన ఉన్న టైరోసిన్ నాలుగైదు నిమిషాల్లో మారిపోయి, దాని చోట కొత్తది వస్తుంది.

కాబట్టి రిపోర్టులోని అంకెను గాదెలో ధాన్యం కొలిచినట్టు చదవకూడదు. చెరువు మట్టం చదివినట్టు చదవాలి. వాగుల నుంచి ఎంత వస్తోంది, తూముల గుండా ఎంత పోతోంది అన్న రెండింటి మధ్య తూకమే ఆ మట్టం. చెరువు నిండితే వానలు బాగా పడ్డాయనుకుంటాం. తూము మూసుకుపోయినా చెరువు నిండుతుందని ఊళ్లో నీరు కట్టే మనిషికి తెలుసు. మట్టం చూడగానే ఆయన మేఘం వైపు చూడడు, తూము దగ్గరికి నడుస్తాడు. టైరోసిన్ మట్టం అసాధారణంగా పెరిగినప్పుడు వైద్యుడు చేసేదీ దాదాపు అదే.

నీళ్లు తెచ్చే వాగులు

మొదటి వాగు భోజనం. పాలు, పెరుగు, పనీర్, గుడ్లు, చేపలు, మాంసం, పప్పులు, వేరుశనగలు, నువ్వులు, చివరికి వరి అన్నం కూడా టైరోసిన్‌ను ఇస్తాయి. రకాన్ని బట్టి ప్రోటీన్‌లో 100 గ్రాములకు సుమారు 3 నుంచి 5 గ్రాములు ఇదే. రెండో వాగు, ఇప్పుడే చెప్పుకున్న సొంత ప్రోటీన్ల విప్పుడు. తిండి మానేసినా ఇది ఆగదు. ఉపవాసం ఉన్నవాడి రక్తంలోనూ టైరోసిన్ ఉండేది అందుకే.

మూడోది విశేషమైనది. ఫినైల్‌అలనిన్ అనే మరో అమైనో ఆమ్లానికి ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలిస్తే అది టైరోసిన్ అవుతుంది. ఈ పని చేసే ఎంజైమ్ ఫినైల్‌అలనిన్ హైడ్రాక్సిలేజ్. అది కాలేయంలో ఎక్కువగానూ, మూత్రపిండాల్లో కొంతగానూ ఉంటుంది. ఫినైల్‌అలనిన్‌ను మనం తయారు చేసుకోలేం, తినాల్సిందే. టైరోసిన్‌ను దాని నుంచి చేసుకోగలం. అందుకే పోషణ శాస్త్రం ఈ రెండింటినీ కలిపే లెక్క కడుతుంది: పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు రెండూ కలిపి 25 మిల్లీగ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి నివేదిక చెబుతుంది. 60 కిలోల మనిషికి అది ఒకటిన్నర గ్రాము. కడుపునిండా అన్నం, పప్పు, పెరుగు తినేవారికి ఇంతకు రెట్టింపు పైగానే అందుతుంది.

ఈ మూడో వాగు పుట్టుకతోనే ఎండిపోతే ఏమవుతుందో 1934లో నార్వేలో తెలిసింది. బోర్గ్నీ ఎగెలాండ్ అనే తల్లికి ఇద్దరు పిల్లలు, లివ్, డాగ్. ఇద్దరూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. పెరిగేకొద్దీ మాటా, నడకా, బుద్ధీ వెనకబడ్డాయి. ఇద్దరి ఒంటి నుంచీ వింత వాసన. ఆ తల్లి ఎంతోమంది డాక్టర్ల గడప తొక్కింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె పట్టు వదలలేదు. చివరికి ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి చూశాడు. ఎరుపు, గోధుమ ఛాయలు ఉండవలసిన చోట ముదురు ఆకుపచ్చ వచ్చింది. లీటర్ల కొద్దీ మూత్రం సేకరించి, శుద్ధి చేసి, అందులో ఉన్నది ఫినైల్‌పైరువిక్ ఆమ్లమని తేల్చాడు. ఫినైల్‌అలనిన్ టైరోసిన్‌గా మారలేక పక్కదారి పట్టి అలా తయారైంది. ఆ జబ్బే ఫినైల్‌కీటోనూరియా. పేరుకుపోయిన ఫినైల్‌అలనిన్ పసి మెదడును దెబ్బతీస్తుంది. ఇవతల టైరోసిన్ కొరత. దాని నుంచి తయారయ్యే రంగుపదార్థం కూడా సరిగా ఏర్పడదు కాబట్టి ఈ పిల్లల జుట్టూ, చర్మమూ తోబుట్టువుల కంటే తెల్లబారి ఉంటాయి.

1950ల్లో హోర్స్ట్ బికెల్ బృందం ఇంగ్లండ్‌లో ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారంతో ఈ జబ్బును అదుపు చేయవచ్చని చూపింది. ఆ పిల్లల ఆహారంలో టైరోసిన్‌ను విడిగా కలుపుతారు. మనం తయారు చేసుకోగల పదార్థం వాళ్లకు తినితీరవలసిన పదార్థం అయింది. చక్కెర లేని కూల్‌డ్రింకుల సీసా మీద ఫినైల్‌కీటోనూరియా ఉన్నవారికి పనికిరాదని సన్నటి అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది. తీపి కోసం వేసే ఆస్పర్టేమ్‌లో ఫినైల్‌అలనిన్ ఉండటమే కారణం. ఎవరూ చదవని ఆ వాక్యం వెనక ఒక నార్వే తల్లి పట్టుదల ఉంది.

కాలేయంలో ఐదు లాకులు

చెరువు నుంచి నీరు పోయే దారుల్లో పెద్దది కొత్త ప్రోటీన్ల అల్లిక. మూడు సన్నటి పిల్లకాలువలు కూడా ఉన్నాయి. థైరాయిడ్ గ్రంథిలో అయొడిన్‌తో కలిసి థైరాయిడ్ హార్మోన్లు కావడం ఒకటి. మెదడులోనూ అడ్రినల్ గ్రంథుల్లోనూ డోపమిన్, అడ్రినలిన్ కావడం రెండోది. చర్మంలో, వెంట్రుకల్లో, కంట్లో మెలనిన్ కావడం మూడోది. మనిషి రంగూ, చురుకూ, గుండె వేగమూ ఈ సన్న కాలువల మీద ఆధారపడి ఉన్నా, వీటిలో పారే పరిమాణం తక్కువ.

మిగులు టైరోసిన్ బయటికి పోయే అసలు కాలువ కాలేయంలో ఉంది. గోదావరి డెల్టా కాలువల మీద లాకులు ఉన్నట్టే, ఈ కాలువ మీద వరసగా ఐదు లాకులు ఉన్నాయి. ఒక్కో లాకు దగ్గర ఒక్కో ఎంజైమ్ కాపలా. టైరోసిన్ ఒక్కో లాకు దాటుతూ ఒక్కో కొత్త పదార్థంగా మారి, ఐదోది దాటాక రెండు ముక్కలై, శరీరానికి ఇంధనంగా ఖర్చయిపోతుంది. ఏ లాకు మూసుకుపోతే దాని పైన నీరు ఎగదన్నుతుంది, కింద ఎండుతుంది. ఒకే కాలువ, ఐదు లాకులు. కానీ ఏది మూసుకుపోయిందన్న దాన్ని బట్టి జబ్బు పూర్తిగా వేరు.

మొదటి లాకు కాపలాదారు టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్. ఇది పుట్టుకతో పనిచేయకపోతే చెరువే పొంగుతుంది. రక్తంలో టైరోసిన్ లీటరుకు 1,000 మైక్రోమోల్‌లు కూడా దాటవచ్చు. అప్పుడు దాని పాత గుణం, ఆ కరగనితనం, బయటపడుతుంది. చీజ్‌లో కట్టే రవ్వలే కంటి ముందు పొర కార్నియాలో కడతాయి. కళ్లు ఎర్రబడి, నీరుకారి, వెలుతురు చూడలేక బిడ్డ ఏడుస్తుంది. అరచేతులూ అరికాళ్లూ గట్టిపడి నొప్పెడతాయి. దీనికి టైప్ 2 టైరోసినీమియా అని పేరు. కంటి వైరస్ జబ్బుగా పొరబడి నెలల తరబడి చుక్కల మందు వేసే ప్రమాదం ఉంది. కానీ టైరోసిన్, ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారం మొదలుపెడితే ఆ కళ్లు తేరుకుంటాయి.

రెండో లాకు ఎంజైమ్‌కు హైడ్రాక్సీఫినైల్‌పైరువేట్ డైఆక్సిజనేజ్ అని పొడవాటి పేరు. దాని నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. ఆ ఇనుము పనికొచ్చే స్థితిలో ఉండటానికి విటమిన్ సి తోడ్పడుతుంది. నెలలు నిండని బిడ్డల్లో ఈ లాకే ఇంకా పూర్తిగా తెరుచుకోదు. ప్రోటీన్ ఎక్కువున్న డబ్బాపాలు పడితే మట్టం ఇంకా ఎక్కుతుంది. అలాంటి బిడ్డలకు విటమిన్ సి ఇస్తే టైరోసిన్ వ్యర్థాలు తగ్గుతాయని 1939లోనే అమెరికాలో శామ్యూల్ లెవిన్ బృందం చూపింది. మన మొదటి బిడ్డ కథ ఇదే.

మూడో లాకు దగ్గర వైద్య చరిత్రలో ఒక పెద్ద మలుపు ఉంది. ఇక్కడ అడ్డం పడితే హోమోజెంటిసిక్ ఆమ్లం పోగవుతుంది. అది మూత్రంలోకి వెళ్లి, గాలి తగిలి నల్లబడుతుంది. పసిబిడ్డ గుడ్డల మీద నల్ల మరకలు, నడివయసులో నల్లబడి అరిగిపోయే కీళ్లు: ఇదీ ఆల్కాప్టోనూరియా. లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ ఈ కుటుంబాలను పరిశీలిస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. తల్లిదండ్రులు మామూలుగానే ఉంటారు, కానీ చాలా ఇళ్లలో వాళ్లు దగ్గరి చుట్టాలు, తోడబుట్టినవాళ్ల పిల్లలు. 1902లో ఆయన దీన్ని మెండెల్ వంశపారంపర్య సూత్రాలతో ముడివేశాడు. మనుషుల జబ్బును ఆ సూత్రాలతో వివరించడం అదే మొదలు. ఈ జబ్బులో రక్తపు టైరోసిన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పోగైనది మూత్రంలో కొట్టుకుపోవడంతో నీరు చెరువు దాకా ఎగదన్నదు. మట్టం బాగున్నా కాలువ తెగి ఉండవచ్చన్న మాట.

నాలుగో లాకు జబ్బులు అతి అరుదు. దాన్ని దాటి ఐదో లాకు దగ్గరికి వెళదాం. మన రెండో, మూడో బిడ్డల కథ అక్కడే ఉంది.

పై లాకు మూస్తే కింది పొలం బతికింది

ఐదో లాకు ఎంజైమ్ ఫ్యూమరైల్‌అసిటోఅసిటేజ్. అది లేకపోతే వచ్చేది టైప్ 1 టైరోసినీమియా. పేరులో టైరోసిన్ ఉన్నా, ఇక్కడ విషం టైరోసిన్ కాదు. ఐదో లాకు ముందు నిలిచిపోయిన ఫ్యూమరైల్‌అసిటోఅసిటేట్, దాని నుంచి పుట్టే సక్సినైల్‌అసిటోన్ కాలేయాన్నీ మూత్రపిండాలనూ కాల్చేస్తాయి. ఎముకలు మెత్తబడి వంగుతాయి. నరాల్లో భరించలేని నొప్పులు వస్తాయి. బతికి బట్టకట్టిన పిల్లల్లోనూ కాలేయ క్యాన్సర్ పొంచి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు లక్ష జననాల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం సాగ్‌నే ప్రాంతంలో మాత్రం దాదాపు 1,850 జననాల్లో ఒకరికి కనబడుతుంది. 17వ శతాబ్దంలో క్యూబెక్‌కు వచ్చి స్థిరపడిన కొద్ది ఫ్రెంచి కుటుంబాల సంతతి తమలో తాము పెళ్లాడుతూ రావడం వల్ల ఆ జన్యువు అక్కడ చిక్కబడింది.

చాలాకాలం దీనికి తిండి కట్టడి, లేదంటే కాలేయ మార్పిడి తప్ప దారి లేదు. దారి చూపింది మనందరం చూసిన ఒక చెట్టు. పార్కుల్లోనూ కాలేజీ ఆవరణల్లోనూ ఎర్రని సీసా బ్రష్‌ల్లాంటి పూలు వేలాడదీసుకుని ఉంటుందే, ఆ బాటిల్ బ్రష్ చెట్టు. 1977లో కాలిఫోర్నియాలో ఒక పురుగుమందుల సంస్థ శాస్త్రవేత్త ఆ చెట్టు కింద కలుపు మొక్కలు సరిగా మొలవకపోవడం గమనించాడు. ఆ చెట్టు విడిచే లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం కలుపు ఆకులను పాలిపోయేలా చేసి చంపుతోంది. దానిలాంటివి ప్రయోగశాలలో ఎన్నో తయారు చేశారు. వాటిలో ఒకదానికి పరీక్షల్లో ఒక చిక్కు ఎదురైంది: ఎలుకల కార్నియాలు దెబ్బతిన్నాయి. వెతికితే రక్తంలో టైరోసిన్ విపరీతంగా పెరిగి ఉంది. ఆ పదార్థం సరిగ్గా రెండో లాకును మూసేస్తోంది. మొక్కల్లోనూ అదే ఎంజైమ్ ఉంటుంది. అది లేనిదే పచ్చని ఆకు తన రంగును కాపాడుకోలేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్వెన్ లిండ్‌స్టెట్ అప్పటికే టైప్ 1 పిల్లల కోసం ఆలోచిస్తున్నాడు. కింద ఐదో లాకు దగ్గర విషం పోగవుతోంది. ఐదోదాన్ని తెరవలేం. మరి పైన రెండో లాకునే మూసేస్తే? నీరు కిందికే రాదు, విషం పుట్టదు. టైరోసిన్ పెరుగుతుంది నిజమే, కానీ దాన్ని ఆహారంతో అదుపులో ఉంచవచ్చు. 1992లో ఆయన బృందం ఐదుగురు పిల్లల ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. కలుపు మందుగా పుట్టిన నైటిసినోన్ పిల్లల మందయింది. ఇప్పుడు పుట్టిన కొద్ది వారాల్లో మొదలుపెడితే ఈ పిల్లల్లో అత్యధికులు బతికి బళ్లకు వెళుతున్నారు. 2020లో యూరప్‌లో పెద్దవాళ్ల ఆల్కాప్టోనూరియాకూ దీన్ని అనుమతించారు. ఒకే తర్కం: మూడో లాకు పాడైనా, ఐదోది పాడైనా, రెండో దాన్ని దించితే కింది పొలం బతుకుతుంది.

అందుకే మన రెండో బిడ్డ రక్తంలో 350 మంచి వార్త. మందు వాడే పిల్లల్లో వైద్యులు టైరోసిన్‌ను సాధారణంగా 200 నుంచి 400 మధ్య ఉంచాలని చూస్తారు. మరీ ఎక్కితే కళ్లకు ముప్పు, మరీ దిగితే పెరుగుదలకు ముప్పు. మూడో బిడ్డకు ఆ 350 తోడుగా సక్సినైల్‌అసిటోన్ కూడా ఉంది. అసలు ఈ జబ్బున్న కొందరు శిశువుల్లో మొదటి రోజుల్లో టైరోసిన్ మామూలుగానే ఉంటుంది. కాబట్టి మంచి స్క్రీనింగ్‌లో సక్సినైల్‌అసిటోన్‌నే నేరుగా వెతుకుతారు. మట్టం ఒక్కటే చూసి తీర్పు చెబితే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

జబ్బు లేని ఇంట్లోనూ మారే మట్టం

జన్యులోపాలు లేని వాళ్లలో కూడా ఈ మట్టం రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక అట్టడుక్కు దిగి, ఉదయం పూట పైకి లేస్తుందని 1968లో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం చూపింది. మాంసమో పనీరో గట్టిగా తిన్న గంటా రెండు గంటలకు పెరుగుతుంది. తీపి, అన్నం మాత్రమే తింటే ఇన్సులిన్ లేచి అమైనో ఆమ్లాలను కండరాల్లోకి నెడుతుంది కనుక కాస్త తగ్గుతుంది. మొదటి లాకు ఎంజైమ్‌ను కార్టిసాల్ హార్మోన్ ఉసిగొల్పుతుంది. పరీక్షకు ఉదయం, పరగడుపున రక్తం ఇమ్మనడంలో ఉన్న అర్థం ఇదే.

కాలేయం పాడైతే ఐదు లాకులూ మందగిస్తాయి, టైరోసిన్ పెరుగుతుంది. జర్మన్ వైద్యుడు ఫ్రెరిక్స్ 19వ శతాబ్దపు మధ్యలోనే, కాలేయం హఠాత్తుగా కృశించిన రోగుల మూత్రంలో టైరోసిన్ స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూశాడు. మూత్రపిండాలు పాడైతే దీనికి ఎదురు. ఫినైల్‌అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే పనిలో వాటికీ వాటా ఉంది కనుక దీర్ఘకాలపు కిడ్నీ జబ్బులో టైరోసిన్ తగ్గుతుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో ఫినైల్‌అలనిన్, టైరోసిన్‌ల నిష్పత్తి పెరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే టైరోసిన్ ఎక్కువ, మందగిస్తే తక్కువ ఉండే మొగ్గు ఉంది.

మనకు మరింత దగ్గరి సంగతి మధుమేహం. ఇన్సులిన్ మాట కండరాలూ కాలేయమూ సరిగా వినకపోతే కొన్ని అమైనో ఆమ్లాలు రక్తంలో పెరుగుతాయి. వాటిలో టైరోసిన్ ఒకటి. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ వాసుల మీద 2011లో వెలువడిన అధ్యయనం, ఐదు అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవారికి ఆ తరవాతి 12 ఏళ్లలో మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని చెప్పింది. ఆ ఐదింటిలో టైరోసిన్ ఉంది. పశ్చిమ లండన్‌లోని సౌతాల్, బ్రెంట్ ప్రాంతాల వాళ్లను రెండు దశాబ్దాల దగ్గరగా గమనించిన మరో అధ్యయనం, యూరోపియన్ మగవాళ్ల కంటే దక్షిణాసియా మగవాళ్లలో టైరోసిన్ ఇంకా బలమైన ముందస్తు సూచన అని తేల్చింది. దీనికి మందు టైరోసిన్ ఉన్న పప్పు మానేయడం కాదు. ఇక్కడా మట్టం పెరిగింది వాన వల్ల కాదు, తూము మందగించడం వల్ల. నడుము చుట్టూ కొవ్వు తగ్గించుకోవడం, కండరానికి రోజూ పని చెప్పడం: ఇవే తూము తెరిచే పనులు.

డబ్బాలో అమ్మే టైరోసిన్

ఏకాగ్రతకు, ఉత్సాహానికి, థైరాయిడ్‌కు, తెల్ల జుట్టుకు అంటూ ఎల్-టైరోసిన్ డబ్బాలు అమ్ముతున్నారు. పరీక్షలకు చదివే పిల్లలకు కొనిపెడుతున్న తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ చెరువు నింపినంత మాత్రాన చివరి మడి దాకా నీరు పారదు.

డోపమిన్ తయారీలో వేగాన్ని నిర్ణయించే ఎంజైమ్ టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌ను 1964లో జపాన్ శాస్త్రవేత్త తోషిహారు నగత్సు, అమెరికాలో సహచరులతో కలిసి గుర్తించాడు. మామూలు రోజుల్లో అది దాదాపు నిండుగానే పనిచేస్తుంటుంది. డోపమిన్ పెరిగితే తనను తానే తగ్గించుకుంటుంది. పైగా మెదడు గడప దగ్గర టైరోసిన్ మరికొన్ని అమైనో ఆమ్లాలతో ఒకే ద్వారం కోసం పోటీ పడాలి. తీవ్రమైన చలి, పలుచని గాలి లాంటి ఒత్తిడిలో టైరోసిన్ కాస్త మేలు చేస్తుందని అమెరికా సైన్యపు పరిశోధకులు చూపారు. రోజువారీ చదువుకు దాన్ని అన్వయించలేం.

థైరాయిడ్ విషయమూ అంతే. ఆ గ్రంథిలోని థైరోగ్లోబ్యులిన్ అనే ఒక్క ప్రోటీన్ అణువులోనే 100కు పైగా టైరోసిన్‌లు ఉంటాయి. హార్మోన్ అయ్యేవి వాటిలో కొన్నే. కొరత వచ్చేది అయొడిన్‌కు, టైరోసిన్‌కు కాదు. జుట్టు నెరిసేది రంగు కణాలు అలసిపోవడం వల్ల, ముడి సరుకు లేక కాదు. థైరాయిడ్ అతిగా పనిచేసేవారు, పార్కిన్సన్ జబ్బుకు లెవోడోపా వాడేవారు, కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ డబ్బా ముట్టుకోకూడదు. లెవోడోపా అంటే టైరోసిన్ ఒక్క అడుగు ముందుకేస్తే అయ్యే పదార్థం. మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో అది దండిగా ఉందని 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ముట్టుకుంటే దురద పెట్టే ఆ తీగ గింజకు అంత శక్తి ఉంది కాబట్టే అది సొంత వైద్యానికి తగినది కాదు.

మేనరికం, మడమ మీద సూది

మళ్లీ ఆ ముగ్గురు బిడ్డల దగ్గరికి వద్దాం. ఐదు లాకుల జన్యు జబ్బులు దాదాపు అన్నీ ఒకే తీరున వస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ పాడైతేనే జబ్బు. ఒక ప్రతి పాడైనవాళ్లు జీవితాంతం ఆరోగ్యంగా ఉంటారు, వాళ్లకా సంగతే తెలియదు. బావామరదళ్లలో ఒకరికి అలాంటి ప్రతి ఉంటే, అదే ప్రతి రెండోవారికి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. మేనమామ, మేనకోడళ్ల మధ్య అది నాలుగులో ఒకటి. గారడ్ లండన్‌లో పట్టుకున్న జాడ ఇదే. మన పల్లెల్లో, పట్నాల్లో మేనరికం ఇంకా గౌరవమైన సంబంధమే. ఆస్తి కోసమో, ఆప్యాయత కోసమో పెద్దలు కుదిర్చిన ఆ పెళ్లిని నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ మేనరికం చేసుకున్న జంటకు పెళ్లికి ముందో, కడుపుతో ఉన్నప్పుడో జన్యు సలహా అందాలి. పుట్టిన బిడ్డకు ఆ రక్తపు చుక్క పరీక్ష తప్పకుండా జరగాలి.

ఆ పరీక్షకు బీజం 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ వేశాడు. కాగితం మీద ఆరిన రక్తపు చుక్క చాలని ఆయనే చూపాడు. నేడు ఒక్క చుక్కలో ఎన్నో జబ్బులను మాస్ స్పెక్ట్రోమీటర్లు వెతకగలవు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. చికిత్సకు లొంగే పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉన్నాయని అది తేల్చింది. చికిత్సకు లొంగేవి అన్న మాటను రెండుసార్లు చదవండి. ఆ వెయ్యిలో ఒక్కరిని వెతికి పట్టుకోవడానికి కావలసింది మడమ మీద ఒక సూదిపోటు, ఆ రిపోర్టును సరిగా చదివే మనిషి.

రిపోర్టు చేతికి వచ్చిన రోజున తల్లిని ఏం తిన్నావని అడగకండి. ఆమె తిన్న ముద్ద వల్ల ఏ లాకూ మూసుకుపోలేదు. డాక్టరును అడగండి: “ఏ లాకు దగ్గర ఆగింది?” ఆ జవాబు తెలిస్తే మొదటి బిడ్డ కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్షకు వస్తుంది, రెండో బిడ్డ అదే మందు కొనసాగిస్తుంది, మూడో బిడ్డకు ఆ రోజే మందు మొదలవుతుంది.